ఇనిషియల్ డీ డీవీడీలో పాటలు ఎందుకు మారిపోయాయి? అనిమే డిస్క్ కొనేముందు తెలుసుకోవాల్సినవి

కారు డ్రిఫ్ట్ అవుతున్న రీల్ ఏది ఓపెన్ చేసినా వెనకాల ఒక హై స్పీడ్ డిస్కో పాట మోగుతూ ఉంటుంది, గమనించారా? "రన్నింగ్ ఇన్ ద నైంటీస్" లాంటివి. ఆ పాటలు ఎక్కడివో తెలియకపోయినా ట్యూన్ మాత్రం మనందరికీ తెలుసు. చాలామందికి ఆ టైప్ పాటల్ని పరిచయం చేసింది ఒక జపనీస్ అనిమే. దాని పేరు ఇనిషియల్ డీ.

నేనూ ఆ పాటల కోసమే ఈ సిరీస్ మీద పడ్డా. అమెరికాలో ఉండే మా బావ సెలవులకి వస్తున్నాడంటే, "బావా, బట్టలు చాక్లెట్లు ఏమీ వద్దు, సెకండ్ హ్యాండ్‌లో ఇనిషియల్ డీ డీవీడీలు దొరికితే పట్రా" అన్నా. "ఈ రోజుల్లో డీవీడీ ఏంట్రా" అని నవ్వాడు గానీ, తెచ్చాడు. టోక్యోపాప్ అనే కంపెనీ రిలీజ్ చేసిన పాత ఇంగ్లిష్ డిస్కులు.

డిస్క్ పెట్టి ప్లే నొక్కా. హీరో పేరు తకుమి అని విన్నా, ఇక్కడ అందరూ "టాక్" అంటున్నారు. రేస్ మొదలైంది. నేను ఎదురుచూసిన పాట రాలేదు. దాని బదులు హిప్‌హాప్ బీట్ ఏదో వచ్చింది. ఒక్క క్షణం డూప్లికేట్ డిస్క్ అంటగట్టారేమో అనుకున్నా. బావకి ఫోన్ చేసి "ఎక్కడ కొన్నావ్ ఇది?" అని కొంచెం గట్టిగానే అడిగా, పాపం.

డిస్క్ ఒరిజినలే. కాకపోతే దాన్ని రిలీజ్ చేసినవాళ్లు కావాలనే అలా మార్చారు. అసలు ఏం మార్చారు, ఎలా మార్చారు, అయినా ఆ డిస్క్ ఎందుకు దాచుకోదగ్గదే అన్నది ఈ ఆర్టికల్. ఏ అనిమే డిస్క్ కొనాలన్నా పనికొచ్చే విషయాలు కూడా మధ్యలో వస్తాయి.

ముందు, అసలు ఇనిషియల్ డీ అంటే ఏంటి?

షుయిచి షిగెనో రాసి, గీసిన మాంగా ఇది. 1995 నుంచి 2013 వరకు కోడాన్షా వాళ్ల "వీక్లీ యంగ్ మ్యాగజైన్"లో వచ్చింది. మొత్తం 48 వాల్యూమ్స్. టీవీ అనిమే మొదటి భాగం "ఫస్ట్ స్టేజ్" 1998లో జపాన్‌లో ప్రసారమైంది. 26 ఎపిసోడ్లు. ఆ తర్వాత సెకండ్ స్టేజ్, థర్డ్ స్టేజ్ సినిమా, ఫోర్త్ స్టేజ్, ఫిఫ్త్ స్టేజ్, చివరికి 2014లో ఫైనల్ స్టేజ్.

కథ సింపుల్. జపాన్‌లో గున్మా అనే ప్రాంతం. అక్కడ తకుమి ఫుజివారా అనే స్కూల్ కుర్రాడు. నాన్న బుంటాకి టోఫు కొట్టు ఉంది. పిల్లాడు రోజూ తెల్లారకముందే పాత టొయోటా ఏఈ86 కారులో అకినా కొండ మీది హోటల్‌కి టోఫు డెలివరీ చేస్తాడు. కప్ హోల్డర్‌లో నీళ్లు నింపిన కప్పు ఒకటి ఉంటుంది. నీళ్లు ఒలకకూడదు, టోఫు చితకకూడదు. అలా ఏళ్ల తరబడి నడిపి నడిపి, తనకే తెలియకుండా ఘాట్ రోడ్డు మీద ఎవ్వరూ అందుకోలేని డ్రైవర్ అయిపోతాడు. విచిత్రం ఏంటంటే వాడికి కార్లంటే అసలు ఇంట్రస్టే ఉండదు.

అకినా కల్పిత పేరే, కానీ దానికి మోడల్ గున్మాలోని నిజమైన హరునా కొండ. డ్రిఫ్ట్ కింగ్‌గా పేరున్న రేసర్ కెయిచి సుచియా ఈ అనిమేకి టెక్నికల్ సలహాదారుగా పనిచేశారు. అందుకే గేర్ మార్చడం, బ్రేక్ వేసే పాయింట్, టైర్ అరిగిపోవడం లాంటివి కథలో అంత వివరంగా ఉంటాయి.

ఇక సంగీతం. రేస్ మొదలవగానే యూరోబీట్ పాట ఎక్కుతుంది. ఇటలీ ప్రొడ్యూసర్లు తయారుచేసి, జపాన్‌లో ఏవెక్స్ కంపెనీ అమ్మిన డ్యాన్స్ మ్యూజిక్ ఇది. ఫ్యాన్స్‌కి ఆ పాటలు బ్యాక్‌గ్రౌండ్ కాదు, రేసులో సగం అవే. పాట పీక్‌కి వెళ్లే చోట కారు ఓవర్‌టేక్ చేస్తే వచ్చే కిక్కే వేరు.

టోక్యోపాప్ ఏం మార్చింది?

2000ల మొదట్లో అమెరికాలో ఈ అనిమే హక్కులు టోక్యోపాప్ తీసుకుంది. మాంగా కూడా వాళ్లే వేశారు. అప్పటి పరిస్థితి గుర్తుచేసుకుంటే, 2001లో "ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్" సినిమా వచ్చి అక్కడి కుర్రకారుకి జపాన్ కార్ల పిచ్చి పట్టుకుంది. ఆ గుంపుకి ఈ సిరీస్ అమ్మాలన్నది వాళ్ల లెక్క అని నా అంచనా. అందుకే ఇంగ్లిష్ వెర్షన్‌ని "ట్రిక్డ్ అవుట్" అని పిలిచి, ఇలా మార్చారు:

- పేర్లు: తకుమి "టాక్" అయ్యాడు, ఇత్సుకి "ఇగ్గీ" అయ్యాడు, నత్సుకి "నటాలీ" అయ్యింది, కెయిసుకె "కే.టీ." అయ్యాడు.
- సంగీతం: యూరోబీట్ తీసేసి హిప్‌హాప్, రాక్ టైప్ పాటలు పెట్టారు. టోక్యోపాప్ ఫౌండర్ స్టూ లెవీ స్వయంగా డీజే మిల్కీ అనే పేరుతో ఈ మ్యూజిక్ చేశాడు.
- మాటలు: డైలాగుల్లో అప్పటి అమెరికన్ కుర్రాళ్ల స్లాంగ్ దించారు.

ఇందులో నాకు బాగా నవ్వొచ్చిన విషయం ఒకటుంది. యూరోబీట్ పాటల లిరిక్స్ ఎలాగూ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి! ఇటలీలో తయారై, జపాన్‌లో పాపులర్ అయిన ఇంగ్లిష్ పాటల్ని, ఇంగ్లిష్ ప్రేక్షకుల కోసం అని తీసేశారన్నమాట. అంటే సమస్య భాషది కాదు. ఆ సౌండ్ అమెరికాలో అమ్ముడుపోదని ఎవరో ఒక రూమ్‌లో కూర్చుని డిసైడ్ అయ్యారు. ఇవాళ రీల్స్‌లో ఏ సౌండ్ మోగుతోందో చూస్తే ఎవరి లెక్క తప్పిందో తెలుస్తుంది.

పాట మార్చడం టెక్నికల్‌గా ఎలా సాధ్యం?

మనం వినే సౌండ్ ఒకే ముద్ద అనుకుంటాం. స్టూడియోలో మాత్రం మూడు పొరలుగా ఉంటుంది: డైలాగులు, మ్యూజిక్, ఎఫెక్ట్స్. ఎఫెక్ట్స్ అంటే ఇంజిన్ శబ్దం, టైర్ కీచుమనడం, తలుపు వేసిన చప్పుడు లాంటివి.

మామూలుగా డబ్బింగ్ చేసేవాళ్లకి మ్యూజిక్, ఎఫెక్ట్స్ కలిపిన ట్రాక్ ఒకటి ఇస్తారు. దాని మీద కొత్త గొంతులు మిక్స్ చేస్తే పని అయిపోయినట్టే. మన టీవీలో తెలుగు డోరేమాన్ చూసినా, ఓటీటీలో తెలుగు కొరియన్ సిరీస్ చూసినా పద్ధతి ఇదే.

మ్యూజిక్ మాత్రమే మార్చాలంటే పని పెరుగుతుంది. మ్యూజిక్, ఎఫెక్ట్స్ విడివిడిగా దొరకాలి. దొరకకపోతే పాటతో పాటు ఇంజిన్ శబ్దం కూడా పోతుంది, దాన్ని మళ్లీ తయారుచేసుకోవాలి. కార్ల అనిమేలో ఇది చిన్న విషయం కాదు. కాబట్టి పాటలు మార్చిన హోమ్ రిలీజ్ ఎక్కడ కనిపించినా, అది పొరపాటున జరిగింది కాదని, ఖర్చుపెట్టి చేసిన పని అని అర్థం చేసుకోండి. కొన్నిసార్లు కారణం అభిరుచి, కొన్నిసార్లు పాటల హక్కులు. టీవీ ప్రసారానికి తీసుకున్న హక్కు డిస్కుకి వర్తించకపోవచ్చు.

అయినా ఆ డిస్కుని ఎందుకు వదల్లేదు?

బావ మీద చిరాకుపడ్డ ఆ రాత్రే, పడుకునే ముందు డిస్క్ మెనూ మొత్తం తిరగేశా. జపనీస్ వెర్షన్ కనిపించింది. పెట్టా. తకుమి మళ్లీ తకుమి అయ్యాడు. కింద సబ్‌టైటిల్స్. అకినా మలుపు దగ్గరికి కారు రాగానే, నేను ఇన్నాళ్లూ రీల్స్‌లో విన్న ఆ సౌండ్ స్పీకర్లు అదిరేలా మొదలైంది. అంటే ఒరిజినల్ అదే డిస్కులో ఉంది!

దీనికి థాంక్స్ చెప్పాల్సింది డీవీడీ ఫార్మాట్‌కి. అంతకుముందు వీహెచ్‌ఎస్ క్యాసెట్ల కాలంలో ఒక టేపులో ఒకే వెర్షన్ ఉండేది. అమెరికాలో డబ్బింగ్ టేపు వేరు, సబ్‌టైటిల్ టేపు వేరు అమ్మేవాళ్లు. డీవీడీ వచ్చాక ఒకే వీడియోకి 8 ఆడియో ట్రాకులు, 32 సబ్‌టైటిల్ ట్రాకుల వరకు పెట్టుకునే వీలొచ్చింది. దాంతో "ఏ వెర్షన్ అమ్మాలి" అనే గొడవ తగ్గింది. కంపెనీ తనకి నచ్చిన వెర్షన్‌ని డిఫాల్ట్‌గా పెట్టుకుంది, ఫ్యాన్స్‌కి కావాల్సింది మెనూలో ఉంచింది. టోక్యోపాప్‌ని అప్పట్లో ఫ్యాన్స్ ఎంత తిట్టుకున్నా, ఒరిజినల్‌ని చెరిపేయలేదన్న క్రెడిట్ ఇవ్వాల్సిందే.

2010: రెండో ఛాన్స్

తర్వాత హక్కులు ఫ్యూనిమేషన్‌కి వెళ్లాయి. 2010 నుంచి కొత్త డిస్కులు వచ్చాయి. ఈసారి కొత్త ఇంగ్లిష్ డబ్బింగ్ చేశారు. పేర్లు ఒరిజినల్‌వే, యూరోబీట్ కూడా ఉంది. పాత డబ్బింగ్‌లో హీరోకి డేవ్ విట్టెన్‌బర్గ్ గొంతిస్తే, కొత్తదాంట్లో జోయెల్ మెక్‌డొనాల్డ్ ఇచ్చాడు.

అందరూ కోరుకున్నదే జరిగింది కదా, కథ సుఖాంతం అనుకుంటాం. కానీ ఒక మెలిక ఉంది. ఈ కొత్త సెట్లలో టోక్యోపాప్ డబ్బింగ్ లేదు. అమెరికాలో కొంతమంది చిన్నప్పుడు పెరిగింది "టాక్" వెర్షన్‌తోనే. వాళ్లకి అది మళ్లీ కావాలంటే పాత డిస్కులే దిక్కు. అందరూ తిట్టిన వెర్షన్ కూడా ఒక డిస్కులో ఉంది కాబట్టే ఇవాళ బతికి ఉంది.

మన దగ్గర అసలు తలనొప్పి: రీజియన్ కోడ్

బావ తెచ్చిన డిస్క్ మా టీవీ కింద ఉన్న పాత డీవీడీ ప్లేయర్‌లో అసలు ఆడలేదు. రీజియన్ ఎర్రర్. ల్యాప్‌టాప్‌కి ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పెట్టి చూడాల్సొచ్చింది. బయటి నుంచి డిస్కులు తెప్పించుకునే ప్రతి ఒక్కరూ ఇది తెలుసుకోవాలి.

- డీవీడీ: అమెరికా, కెనడా రీజియన్ 1. జపాన్, యూరప్ రీజియన్ 2. ఇండియా రీజియన్ 5.
- బ్లూరే: అమెరికా, జపాన్ రీజియన్ ఏ. యూరప్, ఆస్ట్రేలియా రీజియన్ బీ. ఇండియా రీజియన్ సీ.
- 4కే అల్ట్రా హెచ్‌డీ బ్లూరే: రీజియన్ గొడవ లేదు. ఎక్కడ కొన్నా ఆడుతుంది. కాకపోతే అదే బాక్స్‌లో వచ్చే మామూలు బ్లూరే డిస్కుకి మాత్రం లాక్ ఉండొచ్చు.

కంప్యూటర్ డీవీడీ డ్రైవ్‌లో రీజియన్ మార్చుకోవచ్చు, కానీ 5 సార్లే. ఆ తర్వాత చివరగా పెట్టిన రీజియన్ దగ్గరే లాక్ అయిపోతుంది. ఫార్మాట్ కొట్టినా, ఓఎస్ మార్చినా లాభం లేదు, ఎందుకంటే ఆ లెక్క డ్రైవ్ లోపలే ఉంటుంది. నేను ఇది తెలియక ఒక ఫ్రెండ్ ఇచ్చిన జపాన్ డిస్క్ కోసం ఒకసారి, మళ్లీ అమెరికా డిస్క్ కోసం ఒకసారి మార్చుకుంటూ పోయా. ఇప్పుడు ఒక్క ఛాన్సే మిగిలింది. దాన్ని లాటరీ టికెట్‌లా దాచుకున్నా. మీరు మాత్రం పాప్‌అప్ రాగానే ఓకే కొట్టేయకండి. రెండు డ్రైవ్‌లు ఉంటే ఒక్కోదానికి ఒక్కో రీజియన్ ఫిక్స్ చేసుకోవడం బెస్ట్.

పిక్చర్ ఎందుకు అలా ఉంటుంది?

అమెరికా డీవీడీ వీడియో సైజ్ 720x480. అంటే 3,45,600 పిక్సెల్స్. ఫుల్ హెచ్‌డీ స్క్రీన్‌లో 20,73,600 పిక్సెల్స్ ఉంటాయి. సరిగ్గా 6 రెట్లు. కాబట్టి ప్రతి ఒక్క పిక్సెల్‌ని ఆరు పిక్సెల్స్ జాగాలోకి సాగదీస్తున్నాం. మెత్తగా కనిపించడం సహజం, డిస్క్ పాడైపోలేదు.

రెండోది, అడ్డగీతలు. ఆనిమేషన్ సాధారణంగా సెకనుకి 24 ఫ్రేమ్స్. అమెరికా, జపాన్ పాత టీవీలు సెకనుకి దాదాపు 60 సగం ఫ్రేములు చూపిస్తాయి. 24ని 60లో ఇరికించడానికి ఒక ఫ్రేముని 3 సార్లు, తర్వాతిదాన్ని 2 సార్లు చూపిస్తారు. దీన్నే 3:2 పుల్‌డౌన్ అంటారు. దాన్ని మీ ప్లేయర్ సరిగ్గా విప్పలేకపోతే, కారు అడ్డంగా జారే సీన్‌లో అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. ఇనిషియల్ డీలో కార్లు అడ్డంగా జారడమే పని కాబట్టి ఇది బాగా తెలుస్తుంది. వీఎల్‌సీలో అయితే వీడియో మెనూలో డీఇంటర్‌లేస్ ఆన్ చేసి చూడండి, చాలావరకు సెట్ అవుతుంది.

మూడోది, సాగిపోయిన బొమ్మ. ఫస్ట్ స్టేజ్ 4:3లో తీసింది. టీవీ దాన్ని ఫుల్ స్క్రీన్‌కి లాగితే ఏఈ86 కాస్తా లిమోజిన్ అవుతుంది. టీవీ సెట్టింగ్స్‌లో 4:3 పెట్టుకోండి. పక్కన నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి.

నాలుగోది ఎక్కువమంది పట్టించుకోరు: ఒక డిస్కులో ఎన్ని ఎపిసోడ్లు కుక్కారు? రెండు పొరల డీవీడీ కెపాసిటీ 8.5 జీబీ. ఎపిసోడ్ 24 నిమిషాలు అనుకుందాం. 7 ఎపిసోడ్లు పెడితే సగటున సెకనుకి సుమారు 6.7 మెగాబిట్లు దొరుకుతాయి. అదే డిస్కులో 13 పెడితే సుమారు 3.6కి పడిపోతుంది. వేగంగా కదిలే రేస్ సీన్లలో గళ్లు గళ్లుగా రావడానికి ఇదొక కారణం. డిస్కులు తక్కువ ఉంటే బాక్స్ చిన్నదే, కానీ క్వాలిటీ కూడా తగ్గొచ్చు.

మరి బ్లూరే కొంటే అన్నీ తీరిపోతాయా? అన్నిసార్లూ కాదు. చేత్తో గీసి ఫిల్మ్ మీద షూట్ చేసిన పాత అనిమేని మళ్లీ స్కాన్ చేస్తే నిజమైన హెచ్‌డీ వస్తుంది. కానీ ఇనిషియల్ డీలో మనుషులు చేత్తో గీసినవాళ్లు, రేసుల్లో కార్లు కంప్యూటర్ గ్రాఫిక్స్. 90ల నాటి కంప్యూటర్ గ్రాఫిక్స్ ఏ సైజులో రెండర్ చేస్తే అంతే. లేని డీటెయిల్‌ని తర్వాత ఏ మెషీనూ వెనక్కి తేలేదు, ఊహించి నింపగలదు అంతే.

కొనేముందు ఐదు ప్రశ్నలు

1. ఆడియో ట్రాకులు ఏమున్నాయి? బాక్స్ వెనక జపనీస్ ఉందో లేదో చూడండి.
2. సంగీతం ఒరిజినలేనా? పాత రిలీజ్ అయితే ఇది తప్పకుండా వెతకండి.
3. సబ్‌టైటిల్స్ ఏ ఆడియోకి రాసినవి? కొన్ని డిస్కుల్లో ఇంగ్లిష్ డబ్బింగ్ డైలాగుల్నే టైప్ చేసి పెడతారు. జపనీస్‌లో వినిపించేదొకటి, కింద చదివేదొకటి అవుతుంది.
4. మీ ప్లేయర్ రీజియన్‌కి సరిపోతుందా?
5. ఏ స్టేజ్, ఎన్ని ఎపిసోడ్లు, ఎన్ని డిస్కులు? ఇనిషియల్ డీలో "స్టేజ్"లు ఎక్కువ కాబట్టి మధ్యలోది కొనేసి మొదటిది అనుకునే ప్రమాదం ఉంది.

అంతా స్ట్రీమింగే కదా, ఇంకా డిస్క్ ఎందుకు?

నేనూ తొంభై శాతం స్ట్రీమింగ్‌లోనే చూస్తా. డిస్కులు అలమారా నింపుతాయి, దుమ్ము పడతాయి, ప్లేయర్లు దొరకడం కష్టమైపోతోంది. అందరూ డిస్కులు కొనండి అని నేను చెప్పను.

కానీ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఫ్యూనిమేషన్ తన బ్లూరే బాక్సుల్లో కోడ్లు ఇచ్చేది. ఆ కోడ్ కొడితే డిజిటల్ కాపీ మీ అకౌంట్‌లోకి వచ్చేది. తర్వాత ఆ కంపెనీ క్రంచీరోల్‌లో కలిసిపోయింది. 2024 ఏప్రిల్ 2న ఫ్యూనిమేషన్ యాప్, సైట్ ఆగిపోయాయి. డిజిటల్ కాపీలు క్రంచీరోల్‌కి బదిలీ కాలేదు. అదే బాక్సులో ఉన్న డిస్క్ మాత్రం ఇప్పటికీ ఆడుతుంది.

స్ట్రీమింగ్‌లో సర్వర్ మీద ఏ వెర్షన్ ఉంటే అదే మనకి దొరికేది. రేపు పాటల హక్కులు అయిపోయి ఒక పాట మార్చేస్తే, పాతది ఎలా ఉండేదో చూపించడానికి మన దగ్గర ఏమీ ఉండదు. ఒకసారి ఆలోచించండి. 2000ల మొదట్లో స్ట్రీమింగ్ తప్ప ఇంకేం లేకుండా ఉండి, అమెరికా సర్వర్ మీద "టాక్" వెర్షన్ ఒక్కటే పెట్టుంటే? అక్కడి ఫ్యాన్స్‌కి యూరోబీట్ రేస్ ఎలా ఉంటుందో తెలియడానికే ఏళ్లు పట్టేది.

ఇప్పుడు ఇది మనకి కూడా సంబంధించిన విషయమే. క్రంచీరోల్‌లో సోలో లెవెలింగ్ లాంటి సిరీస్‌లు తెలుగులో చూస్తున్నాం. మన గొంతులు, మన మాటలు. కొన్ని డబ్బింగ్‌లు నాకు భలే నచ్చాయి, కొన్ని నచ్చలేదు. పదేళ్ల తర్వాత ఎవరైనా వాటిని గుర్తుచేసుకుని వెతికితే దొరకాలి కదా. "టాక్" డబ్బింగ్ ఇవాళ దొరుకుతోందంటే అది బాగుందని కాదు, డిస్కులో ఉందని. కాబట్టి నా పద్ధతి ఇది: అన్నీ స్ట్రీమింగ్‌లో చూస్తా. ప్రాణం పెట్టుకున్న రెండు మూడు సిరీస్‌లు మాత్రం, ఆడియో ట్రాకులు చెక్ చేసుకుని, డిస్క్ కొనుక్కుంటా.

బావకి తర్వాత సారీ చెప్పా. "పాటలు దొరికాయా మరి?" అన్నాడు. ఫోన్‌ని స్పీకర్ దగ్గర పెట్టి అకినా రేస్ వినిపించా. మొత్తం విని, "నెక్ట్స్ టైమ్ సెకండ్ స్టేజ్ కూడా తెమ్మంటావా?" అన్నాడు. తెమ్మన్నా. రీజియన్ 1 అయినా పర్లేదు, డ్రైవ్ ఇప్పుడు దాని మీదే ఉంది.